చేతుల్ని నమ్మినవాళ్ళు

ఆశ్రమం, నిజాంసాగర్
6 జులై

అక్కకు,

ఈ ఉత్తరం తెచ్చినామె పేరు వెంకటవ్వ. ఇక్కడ వంట చేస్తుంది. శనివారం సాయంత్రం బోధన్‌లో తన ఇంటికి వచ్చి ఆదివారం తిరిగి వస్తుంది. ఆమెను కూర్చోబెట్టి చాయ పొయ్యి. నీ జవాబు ఎప్పుడు రాసినా ఆమె చేతికే ఇవ్వు. పోస్టులో వేస్తే ఆఫీసు వాళ్ళు విప్పి చదువుతారు. ఫోన్లు మొదటి రోజే తీసుకున్నారు.

నేను బాగున్నాను. పన్నెండు మందిమి వచ్చాం. "నూరు రోజుల నిష్ఠ" అని టీవీలో పేరు చూసే ఉంటావు. తెల్లవారక ముందే చన్నీళ్ళ స్నానం, తర్వాత జపం, ఒక్క పూట అన్నం. వారానికోసారి పెద్దస్వామి వచ్చి కూర్చుంటారు. ఎవరి నిష్ఠ తక్కువో చెప్పి ఒకరిని ఇంటికి పంపుతారు. బయట జనం కూడా ఓట్లు వేస్తారట.

గోడల మీద, పందిరి కింద, చివరికి తులసికోట దగ్గర కూడా కెమెరాలే. మొదటి రెండు రోజులు కొంగు సర్దుకోవడంతోనే సరిపోయింది. తర్వాత, నీకు కాబట్టి చెబుతున్నాను, నవ్వకు, నాకు బాగుంది. ఆరేళ్ళుగా ఆ నిజామాబాద్ గదిలో నేను తిన్నానా, పడుకున్నానా అని చూసినవాళ్ళు లేరు. మీ మరిది మస్కట్ పోయిన కొత్తలో నెలకోసారి ఫోన్ చేసేవాడు, తర్వాత పండుగలకు చేశాడు, తర్వాత మానేశాడు. పోయినేడు జ్వరంతో మూడు రోజులు పడి ఉంటే నాలుగో రోజు నాతో బీడీలు చుట్టించే ఠేకేదారు మనిషిని పంపాడు, సరుకు ఇంకా రాలేదేమని. ఇక్కడ నేను దగ్గితే కెమెరా నా వైపు తిరుగుతుంది.

నువ్వొక పని చెయ్యాలి. ఫారంలో ఏం పని చేస్తారన్న చోట కుట్టుపని అని రాశాను. బీడీలు అని రాస్తే ఎవరు పిలుస్తారక్కా? టీవీ వాళ్ళు మన గది చూడటానికి వస్తారట. తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా. ముందే వెళ్ళి బీడీల చాట, ఆకు కట్టలు, తంబాకు సంచి కనబడకుండా పెట్టు. ఎదురింటి ఉమారాణిని అడిగి ఆమె కుట్టుమిషన్ కిటికీ పక్కన పెట్టించు.

చేతులు మాత్రం నా మాట వినడం లేదు. తొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెడితే ఇప్పటికి ఇరవై నాలుగేళ్ళు. జపంలో కళ్ళు మూసుకుంటే చాలు, ఒళ్ళో వేళ్ళు వాటంతటవే ఆకు తిప్పుతాయి, బీడీ మూతి మడుస్తాయి, దారం చుడతాయి. నా పక్కన లింబాద్రి బాపు అని బాల్కొండ వైపు పసుపు రైతు కూర్చుంటాడు. ఆయన చూసి "ఏంది బిడ్డా, చేతులు గట్ల ఆడుతున్నయి?" అన్నాడు. అలవాటు బాపూ అన్నాను.

నీ చెల్లె
నిరోష


బోధన్
21 జులై

చెల్లె నిరోషకు,

నీ వెంకటవ్వ నాకంటే ఎక్కువ మాట్లాడుతుంది. మా అంగన్‌వాడీలో నలభై మంది పిల్లలను ఊరుకోబెట్టినదాన్ని, ఆమెను ఊరుకోబెట్టలేకపోయాను. రెండు గ్లాసుల చాయ తాగి, మీ ఆశ్రమంలో పప్పులో ఉప్పు ఎంత వెయ్యాలో కూడా టీవీ వాళ్ళే చెబుతారని చెప్పింది. ఆ ఒక్క మాటకే నీ మీద జాలేసింది.

టీవీ వాళ్ళు వచ్చారు. ముగ్గురు. నేను పొద్దుటి బస్సుకే నిజామాబాద్ పోయి చాటను బియ్యం బస్తా వెనుక పెట్టాను. తంబాకు సంచి మన వాడలో చుట్టే లింగవ్వ ఇంట్లో పడేశాను. అయినా వాసన పోదే. ఎనిమిది ఊదుబత్తులు ఒక్కసారే ముట్టించాను. మైకు పట్టుకున్న పిల్ల లోపలికి రాగానే మూడుసార్లు తుమ్మి, ఎంత పవిత్రంగా ఉందో మీ ఇల్లు అన్నది. ఉమారాణి మిషన్‌కు సూదే లేదు, అది ఎవ్వరూ చూడలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కావచ్చు.

తర్వాత ఆ పిల్ల అడిగింది, నీ చేతులు అట్లా కదలడం ఎప్పటి నుంచి అని. నేను తొమ్మిదేండ్ల వయసు నుంచి అన్నాను. అబద్ధమా? కాదు. ఎవరైనా నేర్పారా అన్నది. మా అమ్మ అన్నాను. అదీ అబద్ధం కాదు. నిన్న టీవీలో వేశారు చూడు, నా మాట వెనుక వీణ మోగించి, మన అమ్మ ఫొటోకు వెలుగు పెట్టి. మీ బావ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన అంత నవ్వగా చూడలేదు.

కానీ ఒక మాట. అదే దాంట్లో నీ చేతులను ఇంత పెద్దగా చేసి చూపించి, ఇది ఏమిటో పెద్దస్వామి త్వరలో చెబుతారని అన్నారు. ఆయన ఏదో ఒకటి చెప్పకముందే నువ్వు నవ్వుతూ చెప్పెయ్యి. ఇప్పుడు చెబితే వాళ్ళూ నవ్వుతారు. ఆలస్యమైతే గోరంత కొండంత అవుతుంది.

అన్నం ఒక్క పూటేనా? సన్నబడకు.

అక్క
గంగమణి


ఆశ్రమం, నిజాంసాగర్
10 ఆగస్టు

అక్కకు,

నువ్వు తిడతావని ఇన్ని రోజులు రాయలేదు. చివరిదాకా చదివి తిట్టు.

పెద్దస్వామి చెప్పారు. ఇది ముద్ర అట. సూత్రముద్ర. చేసేవాళ్ళకు తెలియకుండా వచ్చేదే అసలైన ముద్ర అట, నేర్చుకుంటే రాదట. నేను చెప్పాలనే నోరు తెరిచాను, ఒట్టు. ఇది మా ఇంటి పని స్వామీ అన్నాను కూడా. ఆయన నవ్వి, చూశారా, తనకు దక్కినదాన్ని ఇంటిపని అంటోంది, ఈ వినయమే గుర్తు అన్నారు. అందరూ లేచి నా కాళ్ళు మొక్కారు. డిచ్‌పల్లిలో చదువు చెప్పే అంకిత మేడం, పెద్ద చదువు చదివినామె, ఆమె కూడా మొక్కింది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయక్కా. నన్ను ఎవరైనా ముట్టుకొని ఎన్నేళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ చెప్పలేకపోయాను.

ఆ తర్వాత రోజూ ఆలోచిస్తున్నాను. మన వాడలో వంద మంది చుడతారు. ఎవరి చేతులైనా ఖాళీగా ఉన్నప్పుడు ఇట్లా కదులుతాయా? కదలవచ్చు, నేనెప్పుడూ చూడలేదు. బీడీలు చుట్టి చుట్టి చేతులకు ఇది వచ్చిందని మనం అనుకుంటున్నాం. ఈ చేతులను తయారు చెయ్యడానికే దేవుడు ఇరవై నాలుగేళ్ళు నాతో బీడీలు చుట్టించాడేమో. ఎందుకు కాకూడదు? లేకపోతే అదంతా ఎందుకు? ఆ గది, ఆ దగ్గు, ఆయన రాకపోవడం, అన్నీ ఉత్తగనే జరిగాయా? ఉత్తగనే జరిగాయని నువ్వు చెప్పగలవా?

ఇప్పుడు వారానికోసారి ఒక్కొక్కరూ నా ముందు కూర్చుంటారు. నేను కళ్ళు మూసుకోవాలి. చేతులు కదిలితే ఆ మనిషి శుద్ధం. ఆగితే మైల. మొదటి వారం అందరికీ కదిలాయి. పోయిన వారం లింబాద్రి బాపుకు ఆగాయి.

ఆయన అంతకుముందు రోజు భజన అయ్యాక తన ఊరి ముచ్చట చెప్పాడు. పసుపు తవ్వడం అయ్యాక ఏటేటా గుట్ట మీది దర్గాకు పోయి చాదర్ కప్పి వస్తారట, తాతల నాటి మొక్కు అట. ముందు రోజే వచ్చిన పెద్దస్వామి అది విన్నారు. మర్నాడు ఆయననే మొదట కూర్చోబెట్టారు. నా చేతులు ఆగాయి. ఆయన మూట కట్టుకొని, పోయే ముందు నాకు దండం పెట్టి పోయాడు.

ఆగాయక్కా. నేనేం చేయను.

నిరోష


బోధన్
18 ఆగస్టు

నిరోషా,

నేను మొన్న సెలవు పెట్టి బాల్కొండ బస్సెక్కాను. లింబాద్రి ఊరు రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు. నేను నీ అక్కనని చెబితే ఏమంటాడో అని భయపడుతూ పోయాను. ఆయన లేచి మంచం దులిపి కూర్చోమన్నాడు. "అమ్మ మంచిగున్నదా?" అని అడిగాడు. ఏ అమ్మ అని నేను అయోమయంగా చూస్తే, ఆయన అన్నది నిన్ను. నీ తండ్రి వయసున్నవాడు నిన్ను అమ్మ అంటున్నాడు.

అక్కడ ఏం జరిగిందో విను. టీవీలో మూడు రోజులు ఆయన మొహం కింద మైల అని రాసి చూపించారు. ముప్పై ఏండ్లుగా ఆ ఊరి హనుమాన్ భజనకు తాళాలు పట్టేది ఆయన. ఇప్పుడు తాళాలు తీసుకున్నారు. గుడి బయట అరుగు మీద కూర్చొని వింటున్నాడు. పసుపు చేనులో కలుపుకు కూలోళ్ళు రాలేదు, ముసలి మొగుడూ పెళ్ళామూ వంగి తీస్తున్నారు. ఇదంతా ఊరివాళ్ళ పని. బయటి నుంచి ఇరవై మోటారు బండ్ల మీద పోరగాండ్లు వచ్చి, ఇక దర్గాకు పోనని వీడియోలో చెప్పమని ఆయన చొక్కా పట్టుకున్నారు. చెప్పలేదు. చొక్కా గుండీలు తెంపి పోయారు. నువ్వు పొద్దున నాలుగింటికి జపం చేస్తే వచ్చే పుణ్యం ఏమో గానీ, ఇది మాత్రం నీ చేతుల మీదుగానే వచ్చింది.

తిరిగి వస్తూ మన వాడలో దిగాను. అందరం కలిసి టీవీ వాళ్ళ దగ్గరికి పోదాం, ఇది బీడీ చుట్టే తీరు అని చెబుదాం అన్నాను. ఎవ్వరూ లేవలేదు. ఇప్పుడు వాళ్ళు నీ ఆట వచ్చే టైముకు టీవీ ముందు చాటలు పెట్టుకొని చుడుతున్నారు తెలుసా, ఒకరి వేళ్ళు ఒకరు చూసుకుంటూ. చివరికి లింగవ్వ అన్నది, "గిన్నేండ్లకు మన చేతులకు ఎవడో దండం పెడ్తుండు. నువ్వెందుకు ఖరాబు చేస్తవే గంగమణీ?" తిలాపాపం తలా పిడికెడు. అందులో నా పిడికెడు అందరికంటే పెద్దది, తెలుసు.

నువ్వడిగావు, ఉత్తగనే జరిగాయా అని. అవును, ఉత్తగనే జరిగాయి. నీ మొగుడు మంచోడు కాదు కాబట్టి రాలేదు. మనల్ని కన్న బాపు అప్పుడే చచ్చిపోయాడు కాబట్టి తొమ్మిదేండ్లకు చాట నీ ఒళ్ళోకి వచ్చింది. దేవునికి దాంతో ఏ పనీ లేదు. ఇది రాయడానికి నాకు సంతోషంగా ఉందనుకుంటున్నావా?

అది బీడీ, నిరోషా. వచ్చేసారి పెద్దస్వామి కూర్చున్నప్పుడు అందరి ముందు ఆ మాట అనెయ్యి. పంపిస్తే పంపిస్తారు. వచ్చి నా ఇంట్లో ఉండు.

గంగమణి


ఆశ్రమం, నిజాంసాగర్
30 ఆగస్టు

పూర్వాశ్రమ సోదరి గంగమణి గారికి,

మీరు పంపిన ఉత్తరాన్ని పెద్దస్వామి వారి పాదాల వద్ద సమర్పించాను. బంధువుల మాటలు చివరి పరీక్ష అని వారు సెలవిచ్చారు. వారి ఆజ్ఞ మేరకు ఆ ఉత్తరాన్ని హోమగుండంలో వేశాను. ఆ ప్రసారం మీరు చూసే ఉంటారు.

నియమం తప్పి ఉత్తరాలు మోసిన వెంకటవ్వను పని నుండి తొలగించారు. ఇకపై నాకు ఉత్తరాలు రాయవద్దని కోరుతున్నాను. నాకు పూర్వపు సంబంధాలు లేవు.

బావ గారి దగ్గు తగ్గిందని తలుస్తాను.

నిరోష


బోధన్
15 సెప్టెంబరు

నిరోషా,

ఇది పోస్టులో వేస్తున్నాను. విప్పి చదివే నాయనా, ముందు నీకు చెబుతున్నాను, చదువుకో, తర్వాత మడిచి ఆమెకు ఇవ్వు. నీకూ ఒక అక్క ఉండే ఉంటుంది.

ఉత్తరం కాల్చినందుకు కోపం లేదు. చూశాను. అంచు అంటుకున్నాక కూడా నువ్వు కాసేపు పట్టుకొనే ఉన్నావు. వేలు కాలిందా?

నేను టీవీ ఆఫీసుకు పోయాను. చెల్లె బీడీలు చుట్టేదని చెప్పాను. వాళ్ళు చాలా మర్యాదగా కూర్చోబెట్టి, మొహానికి పౌడరు వేసి, కెమెరా ముందు మళ్ళీ చెప్పమన్నారు. మర్నాడు వేశారు. నేను మాట్లాడేది రెండు ముక్కలు, ఆ పక్కనే జులైలో నేను అన్న మాట, "తొమ్మిదేండ్ల వయసు నుంచి, మా అమ్మ నేర్పింది" అన్నది, వీణతో సహా. కింద 'అక్క అసూయ' అని రాశారు. ఇప్పుడు అంగన్‌వాడీకి పిల్లలను దింపడానికి వచ్చే తల్లులు నాతో మాట్లాడరు. కొందరు మాత్రం నన్ను ముట్టుకొని కళ్ళకద్దుకొని పోతారు, నీ రక్తమని. ఏది ఎక్కువ కష్టంగా ఉందో నువ్వే ఊహించుకో.

ఒకటి నీకు చెప్పలేదు. చాట దాచింది నువ్వు అడిగావని కాదు. నువ్వు అడగకపోయినా దాచేదాన్ని. ఆ మైకు పిల్ల తెల్లగా, ముద్దుగా, మంచి చీర కట్టుకొని వచ్చింది. దాని ముందు మనం బీడీలోళ్ళం అనిపించుకోవడం నాకు సిగ్గనిపించింది. నాకు అమ్మ చదువు చెప్పించింది, ఆ చదువు ఖర్చులో నువ్వు చుట్టిన బీడీలు కూడా ఉన్నాయి. ఆ సంగతి తెలిసినదాన్నే సిగ్గుపడ్డాను. అందుకే నీ మీద అంత గట్టిగా అరిచాను కావచ్చు.

మీ బావ దగ్గు తగ్గలేదు. ఇంట్లో ఆయన కూడా పెద్దగా మాట్లాడటం లేదు. నేను రోజూ టీవీ పెడుతున్నాను. నమ్మి కాదు. సన్నబడ్డావా, కళ్ళ కింద నలుపు తగ్గిందా అని చూడటానికి. వాళ్ళేమో నీ చేతులే చూపిస్తారు. మొహం ఒక్కసారి చూపించమని ఎవరికి చెప్పాలి?

అక్క


లింబాద్రి బాపు ఇల్లు, బాల్కొండ దగ్గర
11 అక్టోబరు

అక్కకు,

ఫోన్ తిరిగి ఇచ్చారు. తెరిస్తే తెలియనివాళ్ళవే వందల కాల్స్. మూసేశాను. నీకైనా ఫోన్లో చెప్పలేను, నీ గొంతు వింటే ఏడుస్తాను, ఏడిస్తే సగం చెప్పి ఊరుకుంటాను. అందుకే రాస్తున్నాను. నీ సెప్టెంబరు ఉత్తరం నేను అక్కడి నుంచి బయలుదేరే రోజు ఆఫీసులో ఇచ్చారు, విప్పి ఉంది. చదివింది ఎవరో గానీ కవరు మీద 'క్షమించండి' అని పెన్సిల్‌తో రాసి ఉంది.

నేను గెలవలేదు, చూసే ఉంటావు. అంకిత మేడం గెలిచింది. నూరో రోజు పెద్దస్వామి కారెక్కుతుంటే దగ్గరికి పోయి, స్వామీ మరి నా ముద్ర అన్నాను. ఆయన ఎవరో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నన్ను చూసి, నిష్ఠ వదలకు అన్నారు. అంతే. మర్నాడు పొద్దున మమ్మల్ని ఇళ్ళకు పంపే బండి ఆలస్యమైంది. పనివాళ్ళు కెమెరాలు విప్పుతున్నారు. నేను ఆ హాల్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. గోడ మీద మేకు రంధ్రాలు తప్ప ఏమీ లేవు. ఒళ్ళో చేతులు కదులుతూనే ఉన్నాయి. మొదటిసారి వాటినే చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఐదు చుట్టడం కాగానే బొటనవేలు పెద్దగా తిరిగింది. కట్ట కట్టింది అక్కా. మళ్ళీ ఒకటి నుంచి మొదలై మళ్ళీ ఇరవై ఐదుకు ఇంకో కట్ట. దేవుడు ఇరవై ఐదుకు కట్ట కడతాడా? ఠేకేదారు కట్టిస్తాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఎంతసేపు ఏడ్చానో తెలియదు, డ్రైవరు హారన్ కొట్టేదాకా.

నీకు అబద్ధం రాశాను. లింబాద్రి బాపు ముందు చేతులు ఆగలేదు. ఆపాను. ఆపమని ఎవరూ చెప్పలేదు. కళ్ళు మూసుకునే ముందు పెద్దస్వామి నన్ను చూసిన తీరుకే తెలిసిపోయింది ఆయనకు ఏం కావాలో. ఆపకపోతే తర్వాతి వారం నన్నే పంపుతారేమో, మళ్ళీ ఆ గది, ఆ గోడలు. ఆ భయంతో ఆపాను. ఆపిన మరు నిమిషం నుంచి, అవే ఆగాయి అని నమ్మడం మొదలుపెట్టాను. సాయంత్రానికి పూర్తిగా నమ్మాను. నీకు రాసేటప్పుడు అబద్ధం రాస్తున్నానని నాకు తెలియదు, అది మాత్రం నిజం.

అందుకే గదికి కూడా పోకుండా ఇక్కడికి వచ్చాను. నిన్న వచ్చాను. బాపు గుడి బయట అరుగు మీదే ఉన్నాడు, నన్ను చూసి దిగి వచ్చి నేల మీద పడి మొక్కాడు. నేను లేపి, బాపూ నేను కావాలని ఆపిన, ఇది బీడీలు చుట్టే అలవాటు, మీ మీద ఏ మైలా లేదు అని చెప్పాను. ఆయన కోపం చేసుకుంటాడనుకున్నాను. కొడితే కొట్టించుకుందామనుకునే పోయాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గుట్ట మీదికి పోవుడు పాపమంటే నేనొప్ప బిడ్డా. గా పోరగాండ్లకు గూడ గదే చెప్పిన. గని నీ చేతులు ఆగినయంటే ఏదో ఒకటి ఉండాలె. మస్తు దినాలు ఎతికిన. దొరికింది."

ఏం దొరికిందంటే, ముప్పై రెండేళ్ళ కింద తమ్ముడి చేను గట్టు రాయి రెండడుగులు జరిపాడట. ఎవరికీ తెలియదు, తమ్ముడికీ తెలియదు. పోయిన నెల పోయి తానే చెప్పి రాయి వెనక్కి పెట్టించాడు. ఆ తమ్ముడు ఇప్పుడు ఈయనతో మాట్లాడటం లేదు. ఇంకా మైల పోయిందో లేదో తెలియక నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఒక్కసారి తన ముందు కూర్చొని కళ్ళు మూసుకోమన్నాడు.

నేను చేయనన్నాను. చేస్తే మళ్ళీ అదే అబద్ధం. చెయ్యకపోతే ఆయన చచ్చేదాకా అరుగు మీదే. ఈలోగా ఊరంతా వచ్చింది, భజన వాళ్ళు కూడా. నాకు ఒకటే దారి కనబడింది. బీడీల చాట తెమ్మన్నాను. ఇక్కడ ఏ ఇంట్లోనైనా ఉంటుంది కదా, తెచ్చారు. అందరూ చూస్తుండగా అరుగు మీద కూర్చొని ఆకు తీసి, తంబాకు వేసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాను. ఒక్కో పని ఆపి ఆపి చూపించాను. ఇదే ఆ ముద్ర, చూడండి, మీ ఆడవాళ్ళందరికీ వచ్చు అని గట్టిగా చెప్పాను. ఇరవై ఐదు చుట్టి కట్ట కట్టి కింద పెట్టాను.

లింబాద్రి బాపు వంగి కట్టలోంచి ఒక బీడీ తీసుకున్నాడు. ముట్టిస్తాడనుకున్నాను. రెండు చేతులతో పట్టుకొని కళ్ళకు అద్దుకున్నాడు. తర్వాత భజన వాళ్ళలో ఒకాయన ఇంకొకటి తీసుకొని కళ్ళకు అద్దుకున్నాడు. తర్వాత అందరూ. అమ్మ మన ఊర్లో మన పని చేసి చూపింది అనుకున్నారు. ఇరవై ఐదూ అయిపోయాయి, అందనివాళ్ళు చాటలో రాలిన తంబాకు పొడి నుదుటికి రాసుకున్నారు. ఒక్కరు కూడా తాగలేదక్కా. భజన వాళ్ళు ఇంటికి పోయి తాళాలు తెచ్చి లింబాద్రి బాపు చేతిలో పెట్టారు. ఆయన ఏడ్చాడు. ఆ ఏడుపు చూస్తే, కాదు బాపూ అని ఇంకోసారి అనడానికి నాకు నోరు రాలేదు. తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు. ఆయన అరుగు దిగి గుడి లోపలికి పోయాడు, అదొక్కటే కళ్ళారా చూశాను.

ఆయన భార్య గంగవ్వ మాత్రం ఆ గుంపులోకి రాలేదు. తర్వాత నాకు లోపల అన్నం పెట్టింది. నా వేళ్ళు పట్టుకొని, చూపుడువేలి పక్కన కాయ కాసిన చోటు తన బొటనవేలితో నొక్కి చూసింది. ఆమె వేలికీ అక్కడే కాయ ఉంది.

"నేను మొదటి దినమే ఆయనకు చెప్పిన, అవి బీడీ చేతులని. ముప్పై ఏండ్లు నేను గూడ చుట్టిన. నా మాట ఎందుకు ఇంటడు? ఇగ నువ్వు గూడ చెప్పకు బిడ్డా. బతకనియ్యి."

తెలిసిన మనిషి ఒక్కతి దొరికితే ఆమె కూడా చెప్పకు అంటోంది.

ఇప్పుడు ఇంకో కష్టం వచ్చింది. బాపు తర్వాత నేను చేతులు ఆపి పంపిన మిగతా ముగ్గురికీ ఈ సంగతి తెలిసిందట. వాళ్ళు, వాళ్ళ ఊళ్ళవాళ్ళు బుధవారం ఆటోల్లో ఇక్కడికి వస్తున్నారు. ఊరివాళ్ళు అప్పుడే అరుగు కడిగి ముగ్గు వేశారు. కొత్త చాట కొన్నారు, దానికి పసుపు రాశారు. నేను ఇంక ఏం చెప్పినా, ఏం చేసినా కళ్ళకు అద్దుకుంటారు. నిజం చెప్పినా వాళ్ళ చేతిలో ప్రసాదమే అవుతోంది. అరవై మంది నా చుట్టూ ఉన్నారు, నిన్నటి నుంచి నా మొహం చూసింది గంగవ్వ ఒక్కతే.

మంగళవారం బస్సుకే నువ్వు రా. వచ్చి అందరి ముందు నన్ను తిట్టు. నీకు ఎంత గట్టిగా వస్తే అంత గట్టిగా తిట్టు, చిన్నప్పుడు తిట్టినట్టు, నా మొగుణ్ణీ నా బుద్ధినీ అన్నీ కలిపి. నేను చెబితే నమ్మరు. అక్కతో తిట్లు తినే మనిషి దేవత కాదని మాత్రం నమ్ముతారేమో. నేనూ నమ్ముతాను.

నీ చెల్లె
నిరోష